కెచికాన్ చేపల ట్రిప్: భయపడాల్సింది వానకి కాదు

అలాస్కాలోని కెచికాన్‌కి చేపలు పట్టడానికి వెళ్దామని నలుగురు కూర్చుంటే, అందులో ఒకరైనా ఫోన్ తీసి వాతావరణం చూస్తారు, చూసి మొహం వేలాడేస్తారు. పది రోజులకి పది మబ్బు బొమ్మలు, ప్రతి మబ్బు కిందా నాలుగు చుక్కలు. ఇక అక్కడి నుంచి వారం ముందుకి జరుపుదామా, నెల వెనక్కి జరుపుదామా అని మొదలవుతుంది. ఆ జరపడంలోనే ట్రిప్ చెడిపోతుంది తప్ప వానవల్ల కాదు.

వాన సంగతి అబద్ధమేం కాదు. ఏటా సుమారు 3,600 నుంచి 3,800 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే వానలకు పేరుమోసిన సియాటిల్‌కి దాదాపు నాలుగింతలు. రేవు దగ్గర మనిషికంటే ఎత్తున్న వానకొలబద్ద ఒకటి పెట్టి, 1949లో 202 అంగుళాలు దాటిందని దానిమీద గొప్పగా రాసుకున్నారు. దాని పేరు లిక్విడ్ సన్‌షైన్ గేజ్, అంటే వాళ్ల లెక్కలో వాన అనేది కరిగి కారుతున్న ఎండ. పసిఫిక్ మీంచి తడిసిన గాలి వచ్చి ఒడ్డునే నిలబడ్డ కొండలకి కొట్టుకుని పైకి లేస్తుంది, చల్లబడుతుంది, కురుస్తుంది. జూన్, జులైల్లో కాస్త తక్కువ, అక్టోబర్‌లో అన్నిటికంటే ఎక్కువ. ఆ తక్కువ నెలల్లో కూడా 150 మిల్లీమీటర్లు పైనే. కాబట్టి వాన లేని వారం కోసం వెతకడం దండగ. దొరికినా అది మంచి వారం అవుతుందని లేదు, ఎందుకో చెప్తాను.

పడవని రేవులో కట్టేసేది గాలి. కెచికాన్ ఉన్నది రెవిలాగిగెడో ద్వీపం నైరుతి అంచున. అక్కడి నుంచి పడమరగా వెళ్తే క్లారెన్స్ జలసంధి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా పరిచిన గొట్టం లాంటిది. గాలి ఆ గొట్టం పొడుగునా వీస్తే అల పెరగడానికి కావాల్సినంత జాగా దొరుకుతుంది. అల్పపీడనం వస్తుంటే ఆగ్నేయ గాలి, వానతో కలిసి వస్తుంది, అది అందరూ ఊహించేదే. ఊహించనిది ఇంకోటి ఉంది: ఆకాశం తేటపడి ఎండ కాసిన రోజుల్లో చాలాసార్లు అదే జలసంధిలో వాయవ్య గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి నీళ్లమీద తెల్ల నురగలు కనిపిస్తాయి. అదే సన్నగా, విసుగు పుట్టేలా పొద్దంతా కురిసే రోజున నీళ్లు అద్దంలా ఉండొచ్చు. ఎండ చూసి సంబరపడి సన్‌గ్లాసెస్ పెట్టుకుని వెళ్లినవాళ్లు వాంతులు చేసుకుంటూ తిరిగొస్తారు, వానలో గొణుక్కుంటూ వెళ్లినవాళ్లు డబ్బా నింపుకుని వస్తారు.

అందుకే ఫోన్‌లో మబ్బు బొమ్మ చూడటం మానేసి, జూనోలోని జాతీయ వాతావరణ కార్యాలయం ఇచ్చే సముద్ర సూచన చదవండి. జలభాగాన్ని బట్టి విడివిడిగా ఇస్తారు, గాలి వేగం నాట్లలో (సముద్రం మీద వేగం కొలిచే లెక్క), అల ఎత్తు అడుగుల్లో ఉంటుంది. గాలి 10 నాట్లు, అల 2 అడుగులు అంటే కుండపోత అయినా బయల్దేరొచ్చు. 25 నాట్లు, 6 అడుగులు అంటే నీలాకాశమైనా వద్దు. ఇందులో ఇంకో మెలిక ఉంది, నీటి ప్రవాహం ఒక దిక్కుకి పోతూ గాలి దానికి ఎదురు వీస్తే అల ఎత్తు అంతే ఉన్నా నిట్టనిలువుగా, దగ్గరదగ్గరగా వస్తుంది. సూచనలో కనిపించిన అంకె అదే, పడవలో నడుముకి తెలిసేది వేరే.

దీని నుంచి ఒక ప్రశ్న పుడుతుంది, చార్టర్ పడవ, అంటే కెప్టెన్‌తో సహా అద్దెకి దొరికే చేపలవేట పడవ, బుక్ చేసేటప్పుడు అడగాల్సింది నా దృష్టిలో ఇదొక్కటే: "గాలి వస్తే మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తారు?" బెమ్ కెనాల్ లాంటి లోపలి నీళ్లు, ద్వీపాల చాటు, ఊరి ముందున్న సన్నటి జలమార్గం టాంగస్ నారోస్ అంచులు, ఇలా ఏదో ఒక జవాబు టక్కున చెప్పే కెప్టెన్ దగ్గర డబ్బు పెట్టండి. "అలా ఏం జరగదులెండి" అనేవాళ్లకి నమస్కారం పెట్టి రావడం మంచిది. ఎన్ని చేపలు గ్యారంటీ అని అడిగితే ఎవరైనా నవ్వుతూ ఏదో ఒక అంకె చెప్తారు, దానితో మీకొచ్చేదేమీ లేదు.

ఇక తేదీలు. ఎప్పుడు వెళ్లాలి అన్నది వాన చెప్పదు, ఏ చేప కావాలో దాన్ని బట్టి ఉంటుంది. పసిఫిక్ సాల్మన్‌లో అక్కడ ఐదు రకాలు, ఒక్కోదానికి రెండేసి పేర్లు ఉండటంతో కొత్తవాళ్లు తికమకపడతారు: కింగ్ అన్నా చినూక్ అన్నా ఒకటే, సిల్వర్ అంటే కోహో, రెడ్ అంటే సాకై, పింక్‌ని హంపీ అంటారు, చమ్‌ని డాగ్ అంటారు. కింగ్ అన్నిటికంటే పెద్దది, మే నుంచి జులై మొదటి వారాల దాకా దాని కాలం. పింక్ జులై, ఆగస్టుల్లో లక్షల్లో వస్తుంది, గాలం వేయడమే ఆలస్యం. కోహో జులైలో మొదలై ఆగస్టులో బాగా జోరందుకుని సెప్టెంబర్ దాకా ఉంటుంది. గొప్పకోసం కింగ్ అంటారు గానీ, మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఆగస్టు కోహోనే. నీళ్లలోంచి పైకెగురుతుంది, లైన్ లాక్కుపోతుంది, పైగా రూల్స్ గొడవ తక్కువ.

ఆగస్టులో జూన్ కంటే వాన ఎక్కువ కదా అంటారు. నిజమే, కానీ సాల్మన్‌కి ఆ వానే కావాలి. పుట్టిన వాగులోకి తిరిగి ఎక్కి గుడ్లు పెట్టాలంటే వాగులో నీళ్లుండాలి. వానలు బిగబట్టిన వారాల్లో చేపలు వాగు నోటి దగ్గర ఉప్పునీళ్లలోనే గుంపులుగా తచ్చాడుతూ ఉంటాయి. ఒక్క మంచి వాన పడి వాగు పొంగగానే బిలబిలమంటూ ఎగబడతాయి. ఊరి మధ్యలోనే పారే కెచికాన్ క్రీక్ మీది వంతెన ఎక్కి ఆగస్టులో కిందకి చూస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది, నీళ్లేవో వీపులేవో తెలియనంతగా పింక్‌లు. చుట్టూ ఉన్న టాంగస్ అడవి, అందులోని వాగులు, ఆ వాగుల్లో పుట్టే చేపలు, అంతా ఆ తిట్టుకునే వాన పెట్టిన సంసారమే.

కోహోని పట్టే పద్ధతి కాస్త దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే చాలామంది గాలం వేసి కూర్చోవడమే అనుకుంటారు. పడవ నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. పడవ వెనక డౌన్‌రిగ్గర్ అని చిన్న గిలక లాంటిది, దానికి ఉక్కు తీగ, తీగ చివర ఐదారు కిలోల సీసపు గుండు. మీ రాడ్ నుంచి వచ్చే లైన్‌ని ఆ గుండు దగ్గర ఒక క్లిప్పుకి తగిలించి పదిహేను, ఇరవై మీటర్ల లోతుకి దింపుతారు. లైన్ చివర తళతళమనే ఒక పలక, దాని వెనక హెర్రింగ్ చేప ఎర, తిరగబడుతూ వస్తుంది. రాడ్ కొన విల్లులా వంగి ఉంటుంది, అదే దాని మామూలు స్థితి. చేప కొట్టగానే లైన్ క్లిప్పు నుంచి ఊడిపోతుంది, వంగిన రాడ్ టపుక్కున నిటారుగా లేస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే మోసపోతారు, లైన్ వదులైంది కదా చేప పోయిందనుకుని దిగాలుగా చూస్తూ నిలబడతారు. పోలేదు, అప్పుడే పడింది. గబగబా రీల్ తిప్పి ఆ వదులు తీసేయాలి, తీసేశాక అవతలి వైపు బరువు తగులుతుంది. అక్కడ పోయే చేపల్లో సగం ఆ మూడు సెకన్లలోనే పోతాయని నా అనుమానం.

హాలిబట్ లెక్క పూర్తిగా వేరు. ఇది బల్లపరుపు చేప, అడుగున ఇసుకలో పడి ఉంటుంది, అరవై నుంచి వంద మీటర్లకి పైన లోతుల్లో. అంత లోతుకి ఎర చేరి అక్కడే ఉండాలంటే ప్రవాహం మందగించాలి. ఇక్కడే ఆటుపోట్లు రంగంలోకి వస్తాయి. కెచికాన్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు, ఎత్తు తేడా కొన్ని రోజుల్లో ఆరు మీటర్లు దాకా పోతుంది. అంత నీరు ఆరు గంటల్లో ద్వీపాల సందుల్లోంచి లోపలికి వచ్చి, మళ్లీ ఆరు గంటల్లో బయటికి పోవాలి. జోరు మీదున్నప్పుడు కిలోన్నర గుండు కట్టినా ఎర అడుగుని తాకకుండా పడవ వెనక్కి గాలిపటంలా తేలిపోతుంది. పోటు ఆగి ఆటు మొదలయ్యే మధ్యలో, లేదా ఆటు ఆగి పోటు మొదలయ్యే మధ్యలో నీరు కాసేపు నిలబడుతుంది. హాలిబట్ పట్టేవాళ్ల రోజంతా ఆ కాసేపు చుట్టూ తిరుగుతుంది.

అమావాస్య, పౌర్ణమి దగ్గర తేడా ఎక్కువ, ప్రవాహం జోరు, నీరు నిలబడేది కొద్దిసేపే. చంద్రుడు సగం ఉన్న రోజుల్లో, ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా, తేడా తక్కువ, నీరు తీరిగ్గా నిలబడుతుంది. అష్టమి, నవమి ప్రయాణానికి పనికిరావని మనవాళ్లు అంటారు గానీ హాలిబట్ దగ్గరికి ప్రయాణమైతే ముహూర్తం అవే. తేదీలు ఇంకా తేలలేదు, రెండు వారాల మధ్య ఊగుతున్నారంటే వాతావరణ యాప్ బదులు చంద్రుణ్ని అడగండి. ఇంకోమాట, నీటి ఎత్తు చెప్పే పట్టిక వేరు, ప్రవాహం చెప్పే పట్టిక వేరు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా రెండూ ఇస్తుంది. పోటు నిండిన నిమిషానికే ప్రవాహం ఆగుతుందని లెక్కేసుకుంటే కొన్ని సందుల్లో చాలా తేడా వస్తుంది, కాబట్టి చూడాల్సింది ప్రవాహం పట్టిక.

హాలిబట్‌కి వాడేది గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ గాలం. చేప తగలగానే రాడ్‌ని విసురుగా పైకి లాగే అలవాటు ఉన్నవాళ్లకి ఇది శిక్ష. లాగారా, ఎర నోట్లోంచి బయటికొచ్చేస్తుంది. ఊరికే ఉండాలి, అది నమిలి పక్కకి తిరిగేదాకా ఆగి, తర్వాత మెల్లగా రీల్ తిప్పుతూ పోతే గాలం దానంతటదే దవడ మూలన దిగుతుంది.

ఇప్పుడు చిక్కుముడి అసలు భాగం, రూల్స్. దీన్ని చివరికి వదిలేసేవాళ్లే ఎక్కువ, నిజానికి ఏ నెల, ఏ పడవ అన్న రెండూ దీని మీదే ఆధారపడతాయి. బయటి రాష్ట్రాలవాళ్లకీ బయటి దేశాలవాళ్లకీ పదహారేళ్లు నిండితే లైసెన్స్ ఉండాలి, మూడు రోజులది 30 డాలర్లు, కింగ్ పట్టాలంటే దానిమీద ఇంకో 30 పెట్టి విడిగా స్టాంపు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. పట్టిన కింగ్‌ని అక్కడికక్కడే పెన్నుతో లైసెన్స్‌తో ఉండే రికార్డు మీద రాయాలి, రేవుకి వచ్చాక రాద్దాంలే అంటే కుదరదు. 28 అంగుళాల కంటే చిన్న కింగ్ అయితే వదిలేయాలి. ఎన్ని ఉంచుకోవచ్చు అన్నది నెలని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది, ఎందుకంటే ఆ కింగ్‌లలో చాలావాటి పుట్టినిల్లు కెనడా నదులు, వాషింగ్టన్, ఒరెగాన్ నదులు. 1985లో అమెరికా, కెనడా చేసుకున్న పసిఫిక్ సాల్మన్ ఒప్పందం ప్రకారం ఎవరి వాటా ఎంతో పంచుకోవాలి. దానికితోడు యూనుక్ నదికి తిరిగొచ్చే కింగ్‌లు బాగా తగ్గిపోవడంతో బెమ్ కెనాల్‌లో కొంత భాగం సీజన్‌లో కొన్ని నెలలు కింగ్‌కి మూసేస్తూ వచ్చారు. సీజన్ మధ్యలో ఎమర్జెన్సీ ఆర్డర్ వచ్చి ఉన్నపళంగా ఆపేయడం కూడా మామూలే. అంటే కింగ్ కోసమే వేలు ఖర్చుపెట్టి టికెట్లు కొని, వెళ్లే వారం ముందు మూసేశారన్న కబురు వినే అవకాశం నిజంగా ఉంది. ఈ రూల్స్ పెట్టే రాష్ట్ర శాఖ, అలాస్కా ఫిష్ అండ్ గేమ్ వాళ్ల పేజీ బుక్ చేసే ముందు ఒకసారి, బయల్దేరే ముందు రోజు ఇంకోసారి చూడండి.

హాలిబట్ రూల్ ఇంకా విచిత్రం. అక్కడి నీళ్లు అంతర్జాతీయ హాలిబట్ కమిషన్ లెక్కలో 2సి ప్రాంతం. మీరే సొంతంగా చిన్న పడవ అద్దెకి తీసుకుని వెళ్తే రోజుకి రెండు, ఏ సైజు అయినా. గైడ్ ఉన్న చార్టర్‌లో వెళ్తే రోజుకి ఒకటే, అదీ మధ్య సైజు కాకూడదు. 2023లో చార్టర్‌వాళ్లకి 40 అంగుళాలలోపు లేదా 80 అంగుళాలు, ఆపైన ఉన్నదే ఉంచుకోనిచ్చారు, మధ్యది ఎంత ముచ్చటగా ఉన్నా నీళ్లలోకే. కొన్ని ఏళ్లలో సీజన్‌లో కొన్ని వారాల పాటు వారానికి ఒక రోజు చార్టర్‌కి హాలిబట్ పూర్తిగా బంద్ పెట్టారు కూడా. ఎందుకిలా అంటే, చార్టర్ పడవలన్నిటికీ కలిపి ఏడాదికి ఇంత బరువు అని వాటా ఉంటుంది. అందరూ మధ్య సైజువి ఎత్తుకుపోతే వాటా సీజన్ సగంలోనే అయిపోతుంది. చిన్నవి బరువు తక్కువ, మరీ పెద్దవి అరుదుగా పడతాయి, అలా లెక్క సరిపెడతారు. అంకెలు ఏటా మారుతుంటాయి, గైడ్‌తో వెళ్తే రూల్ వేరే అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మరి రెండు చేపలు వస్తాయి కదా, సొంతంగా వెళ్దాం అనిపిస్తుంది. ఆటుపోట్లూ, పొగమంచూ, రాళ్లూ తెలియని నీళ్లలో పద్దెనిమిది అడుగుల పడవ నడపడం మీకు అలవాటైతే సరే. లేకపోతే మొదటి రోజు చార్టర్‌లో వెళ్లి, ఎక్కడికి పోతున్నారో, ఎక్కడ తిరిగొస్తున్నారో చూసి, రెండో రోజు ఒడ్డు వదలకుండా కోహో కోసం చిన్న పడవ తీసుకోవడం తెలివైన పని. ఆగస్టులో కూడా నీళ్లు పన్నెండు పధ్నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటాయి, పడితే చేతులు పనిచేసేది కొద్ది నిమిషాలే. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటిమీద ఉండాలి.

హాలిబట్ కోసం అడుగుకి వేసిన గాలానికి రాక్‌ఫిష్ కూడా పడుతుంది. అంత లోతు నుంచి పైకొచ్చేసరికి దాని పొట్టలోని గాలితిత్తి ఉబ్బిపోతుంది, కళ్లు గుడ్లు తేలేసినట్టు బయటికొస్తాయి, ఆ ఉబ్బు తోసేసరికి జీర్ణాశయం నోట్లోంచి బుడగలా పొడుచుకొస్తుంది. చచ్చిపోయిందనుకుంటాం. చావలేదు, ఒత్తిడి తేడాతో అలా అయింది. నీళ్లపైనే వదిలేస్తే కిందకి వెళ్లలేక తేలుతూ గద్దల పాలవుతుంది. అందుకే వదిలేసేవాటిని బరువు కట్టిన క్లిప్పుతో మళ్లీ లోతుకి దింపి విడిచిపెట్టాలని రూల్, పడవలో ఆ పరికరం ఉండాల్సిందే. దింపుతుంటే ఒత్తిడి తిరిగొచ్చి తిత్తి సర్దుకుంటుంది, చేప క్లిప్పు వదిలించుకుని వెళ్లిపోతుంది. హాలిబట్‌కి గాలితిత్తే లేదు, సాల్మన్‌కి తిత్తిలోని గాలి బయటికి పోయే దారి ఉంది, అందుకే వాటికీ బాధ లేదు. రాక్‌ఫిష్‌లో యెల్లోఐ అనే రకం వందేళ్లు దాటి బతుకుతుంది. మన తాతల కాలంలో పుట్టిన ప్రాణిని ఓ ఫొటో దిగి నీళ్లపైన గిరాటేయడం బాగుండదు.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. కాటన్ వద్దు, అంతే. నేను మొదటిసారి జీన్స్ వేసుకుని వెళ్లాను, పైన ఖరీదైన రెయిన్ జాకెట్, కింద జీన్స్. జాకెట్ మీంచి జారిన నీళ్లన్నీ తిన్నగా తొడలమీదకి దిగాయి, తొమ్మిది గంటలకల్లా మోకాళ్లు వణకడం మొదలై, మధ్యాహ్నం దాకా చేపలు పట్టింది మావాళ్లు, క్యాబిన్‌లో హీటర్‌ని పట్టుకుంది నేను. ఊపిరాడే సన్నటి కొండలెక్కే జాకెట్ల కంటే జాలరులు వేసుకునే మందపాటి రబ్బరు ప్యాంటు, కోటు మేలు, లోపల ఉన్ని. కాళ్లకి రబ్బరు బూట్లు. చార్టర్‌వాళ్లు చాలామంది ఇవి ఇస్తారు, సైజు ముందే చెప్పండి.

చివరిగా, పట్టిన చేప ఇంటికి రావాలి. ఇది ముందే ఆలోచించకపోతే నోటికాడి ముద్ద పోయినట్టే. పది కిలోల సాల్మన్‌ని కోస్తే ఆరు కిలోల దాకా మాంసం వస్తుంది. ఊళ్లో కోసి, గాలి తీసి ప్యాక్ చేసి, గట్టిగా గడ్డకట్టించి ఇచ్చేవాళ్లు ఉన్నారు, కానీ గడ్డకట్టడానికి ఒక రాత్రైనా పడుతుంది. అంటే విమానం ఎక్కే రోజు పొద్దున చేపలవేట పెట్టుకోకూడదు, పెట్టుకుంటే ఆ చేపల్ని మెత్తగా మోసుకెళ్లాలి. ఆఖరి రోజు ఊరు చూడటానికి ఉంచుకోండి, లేదా పట్టి వదిలేయండి. డబ్బా 23 కిలోలు దాటకూడదు, ఒక లగేజీ కింద లెక్క. పొడి మంచు (డ్రై ఐస్) పెట్టుకుంటే మనిషికి రెండున్నర కిలోల దాకానే, విమానం కంపెనీకి ముందే చెప్పాలి, డబ్బాకి గాలిపోయే సందు ఉండాలి. ఎక్కువ పడ్డాయని ఎవరికైనా అమ్మడం నేరం, ఊరికే ఇస్తే పర్లేదు.

ఇంకో చిన్న సంగతి, విమానాశ్రయం ఊళ్లో లేదు. ఎదురుగా ఉన్న గ్రవీనా ద్వీపంలో ఉంది, మధ్యలో వంతెన లేదు. చేపల డబ్బాలతో సహా ఫెర్రీ ఎక్కి దాటాలి. దాటడం నిమిషాల పనే గానీ ఫెర్రీ కోసం ఆగడం, డబ్బాలు దింపడం, ఎక్కించడం, మళ్లీ దింపడం ఉంటుంది. పొగమంచు పట్టి విమానం దిగలేక మీదుగా వెళ్లిపోయే రోజులు కూడా ఉంటాయి, కాబట్టి సియాటిల్‌లో అందుకోవాల్సిన విమానం ఉంటే మధ్యలో గంట కాకుండా ఓ పూట ఉంచుకోండి. డబ్బా మీద పేరు, ఫోన్ నంబర్ మార్కర్‌తో రెండు వైపులా రాసి, పైన టేపు వేయండి, ఫెర్రీ రేవులో కూడా కురుస్తూనే ఉంటుంది.